మసకయు వంకరయు

అద్దపు దుర్భిణిని ఇంటికి దెచ్చుకొన్న గృహస్థు కొలది దినములలోనే దానిని తుడువ నారంభించును. తుడువవలదని యెవరైన వారించినచో ఆశ్చర్యపడును. మురికిని బోగొట్టుట తప్పెట్లగునని యాతని ప్రశ్న. న్యాయమైన ప్రశ్నయే. ఇల్లూడ్చి, వాకిట కళ్ళాపి చల్లి, ముగ్గుపెట్టినగాని దినమారంభము కాదను సంసారములలో పెరిగినవారము మనము. తల్లులు మనకు నేర్పిన మొదటి ధర్మము శుభ్రత. తుడువకుండుటయు నొకప్పుడు ధర్మమేయని గోదావరిసీమ గృహిణులయెదుట చెప్పుటకు కొంత ధైర్యము కావలయును. అయినను మేమీ వ్యాసమున చెప్పదలచినది అదియే. ఏలయన, ఈ యంత్రమును నిలుపుట, దాని దర్పణములను వరుసకు దెచ్చుట, దానిని కాపాడుట యను పనులు చేయువానికి ఒక నీతిప్రశ్న తప్పక యెదురగును. కంటికి గనబడు దోషమునకును, చూపునే చెరచు దోషమునకును భేదమేమి? వానిలో మనము దేనిని దిద్దుటకు తొందరపడుచున్నాము?

ముందుగా వస్తువును గూర్చి నాలుగు మాటలు. దుర్భిణులు రెండు జాతులు. ఒక జాతియందు గొట్టపు ముఖమున గాజుకటకముండి వెలుగును వంచి యొకచోటికి జేర్చును. విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావుగారు 1840 ప్రాంతమున స్థాపించిన వేధశాలలో, ఆయన యల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు వాడినది ఆ జాతిది. రెండవ జాతికి 1668లో న్యూటను రూపమిచ్చెను. అందు కటకమునకు మారుగా గొట్టపు టడుగున పుటాకారమగు దర్పణముండును. అది ఆకాశపు వెలుగును బోగుచేసి పైకి మరలించును. గొట్టపు ముఖమునకు సమీపమున ఏటవాలుగా నిలిపిన చిన్న చదునైన యద్దము ఆ వెలుగును ప్రక్కకు ద్రిప్పును. అచట కంటికటకముంచి చూడవలయును. రంగపురమున ఉస్మానియా విశ్వవిద్యాలయమువారు 1968లో నెలకొల్పిన 48 అంగుళముల దుర్భిణియు, హైదరాబాదులో పెరిగిన వేణు బప్పుగారి పేర 1986నుండి కావలూరు కొండలలో నున్న 2.34 మీటర్ల దుర్భిణియు దర్పణజాతివే. ఆరు, ఎనిమిది అంగుళముల దర్పణములు గల చిన్నవి నేడు పాఠశాలలకును, ఆసక్తిగల కుటుంబములకును అందుబాటునకు వచ్చినవి.

ఇక ధూళి సంగతి. ఒక రాత్రి టార్చిలైటును గొట్టములోనికి వేసి చూచిన యెవరికైనను గుండె ఝల్లుమనును. దర్పణము నిండ రేణువులు మిలమిల మెరయుచుండును. యంత్రము పాడైనదని తోచును. కాని లెక్క వేయుదము. ఆ ధూళి యంతయు గలిసి దర్పణములో నూటికొక వంతును గప్పినదనుకొన్నచో, నష్టమగు వెలుగు నూటికొక వంతే. దానికంటె నెక్కువ వెలుగును యంత్రము తన కట్టుబడికొరకు మొదటనే వదలుకొన్నది. పైనున్న చిన్న యద్దపు వ్యాసము పెద్ద దర్పణపు వ్యాసములో నయిదవవంతైన, వచ్చు వెలుగులో నూటికి నాలుగు వంతులను అది యడ్డగించును. ధూళి వెలుగును కొంత చెదరగొట్టి చంద్రునిచుట్టు పలుచని పొగవంటిదానిని గల్పించుమాట నిజమే. అయినను అది చుక్కను చుక్కగానే చూపును. మసక చేయునుగాని యబద్ధ మాడదు.

తుడుపు అట్లు గాదు. దర్పణముమీది అల్యూమినియపు పూత మందము మిల్లీమీటరులో పదివేలవ వంతు. ధోవతిచెరగు క్రింద జిక్కిన యిసుకరేణువు ఆ పూతమీద నాగలివలె చాలు దీయును. ఒక పాఠశాలలో మేము చూచిన దర్పణ మిట్టిది. పిల్లలు భక్తితో తుడిచిరి, ఉపాధ్యాయులు మెచ్చుకొనిరి. దానిపై ధూళి లేదు. వెంట్రుకలవంటి గీతలు మాత్రము వేలకొలదిగ నుండెను. ఆ పిల్లలను తప్పుపట్టుటకు మాకు నోరాడలేదు. వారు నేర్చిన నీతినే వారు పాటించిరి.

పూర్వము ఈ చిక్కు మరింత కఠినముగ నుండెను. న్యూటను కాలమునుండి దాదాపు రెండువందల యేండ్లు దర్పణములను రాగి తగరముల మిశ్రమలోహముతో పోతపోసి మెరుగు పెట్టుచుండిరి. తేమగాలికి ఆ లోహము కిలుమెక్కును. కిలుమును దీయవలెనన్న మరల మెరుగు పెట్టవలెను. మెరుగు పెట్టినప్పుడెల్ల, ఎంతో శ్రమతో సాధించిన పుటాకారము చెడిపోవు భయముండెను. మంచి దర్పణపు టాకారములో మిల్లీమీటరునందు పదివేలవ వంతు తప్పును సైతము సహింపరాదు. 1781లో యురేనసు గ్రహమును గనుగొన్న విలియము హెర్షెలు తన పెద్ద దుర్భిణికి రెండు దర్పణములు చేయించుకొనవలసి వచ్చెను. ఒకటి పనిచేయుచుండ రెండవది మెరుగునకు బోవుచుండెను. కిలుమును దీసిన ఆకారమునకు గండము, తీయకున్న వెలుగునకు నష్టము.

1857లో ఫ్రాన్సుదేశమున ఫూకో ఈ ముడిని విప్పెను. దర్పణమును గాజుతో జేసి, ఆకారమును గాజునకే యిచ్చి, పైని పలుచని వెండిపూత వేసెను. పూత నల్లబడినచో రసాయనముతో కరగించి క్రొత్తపూత వేయవచ్చును. అడుగున గాజు ఆకారము చెక్కుచెదరదు. మెరుగు వేరు, రూపము వేరు అయినవి. చదువరులకిది చిన్న పనితనముగా దోచవచ్చును. మాకు మాత్రము ఇది గొప్ప ధర్మసూక్ష్మముగా గనబడుచున్నది. ఒక యాచారముపై బట్టిన కిలుమును దీయబోయి, ఆ యాచారము దేనికొరకు బుట్టెనో ఆ రూపమునే అరగదీసిన సంస్కర్తలును, రూపము చెడునను భయమున కిలుమునే పూజించిన సనాతనులును లోహదర్పణకాలపువారు. రెండింటిని వేరుచేయు ఉపాయమును వెదకుటకు ఉభయులకును ఓపిక చాలలేదు.

ఈ క్రొత్తరకపు దర్పణము మనదేశమునకు వచ్చుటకు ఎన్నో యేండ్లు పట్టలేదు. 1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము మన తీరముమీదుగా సాగినప్పుడు, గుంటూరున విడిసిన మేజరు టెన్నెంటు వెండిపూతగల గాజుదర్పణపు దుర్భిణితో ఛాయాచిత్రములు తీసెను. ఫ్రాన్సునుండి వచ్చిన జాన్సెను గుంటూరుననే వెలుగును విడదీయు యంత్రముతో సూర్యుని యంచుననున్న జ్వాలలను పరీక్షించెను. మచిలీపట్టణమున పాగ్సను వేచియుండెను. సంపూర్ణగ్రాసముండునది అయిదు నిముషములకు పైబడిన కొంతసేపు మాత్రమే. శ్రావణమాసపు మబ్బులలో, సముద్రపుతేమలో, సామాను ఓడలపై దెచ్చి, బయట నిలిపి, వరుస సరిచూచికొని కూర్చున్నవారి మనఃస్థితిని ఊహింపుడు. అద్దముమీది ధూళిని లెక్కపెట్టుటకు వారికి తీరికయుండునా? వరుస సరిగానున్నదా లేదా యను నొక్క చింతయే యుండియుండును.

ఆ వరుసయననేమో చెప్పుదుము. మొదట యంత్రమును నిలుపుట. దాబాపైని నిలుపుట సులువుగాని, పగటి యెండను ద్రావిన సిమెంటు అర్ధరాత్రిదాక వేడిని విడుచుచునే యుండును. ఆ వేడిగాలిలో గురుగ్రహము మరుగుచున్న నీటిలోని గింజవలె ఆడును. పచ్చికనేల మేలు. భీమవరము ప్రాంతమున నైన రొయ్యలచెరువుల దీపములకు వెనుదిరిగి, ఏ గడ్డివాము చాటుననో నిలుపుకొనవలయును. చూడబోవుటకు గంటముందే బయట నుంచినగాని దర్పణము గాలిచల్లదనమునకు రాదు. మన డెల్టాలో రేయింబవళ్ళ వేడిమిభేదము ఉత్తరదేశమునందంత లేదు గనుక ఈ నిరీక్షణ మనకు కొంత తక్కువ.

పిమ్మట దర్పణములను వరుసకు దెచ్చుట. కంటికటకమును దీసివైచి, ఆ రంధ్రముగుండ జూడవలెను. చిన్న యద్దము రంధ్రమునకు నడుమ నున్నదా? దానిలో పెద్ద దర్పణము అంచులతోసహ సంపూర్ణముగా గనబడుచున్నదా? లేనిచో చిన్న యద్దమును వంచి సరిచేయవలెను. తరువాత గొట్టపు టడుగుననున్న మూడు మరచీలలను కొంచెము కొంచెముగా ద్రిప్పుచు, పెద్ద దర్పణములో గనబడు చిన్నయద్దపు నీడను నడిమికి దేవలెను. ఒకరు రంధ్రమువద్ద నుండి “కుడికి, ఇంకొంచెము, చాలు” అనుచుండగా మరియొకరు అడుగున మరలు ద్రిప్పిన పని త్వరగా దెమలును. ఆలుమగలు చేయదగిన పని. అట్లు చేయు దంపతులు మాకు దెలియును. మగడు మర ద్రిప్పును, భార్య చెప్పును, వారి గురుగ్రహపు పట్టెలు మా యెరుకలో నందరికంటె స్పష్టముగ నుండును. దర్పణపు నడుమ గురుతుకొరకు చిన్న కాగితపు చక్రమును అంటింతురు. అద్దముపై కాగితమా యని క్రొత్తవారు నొచ్చుకొందురు. ఆ చోటు చిన్నయద్దపు నీడలోనిది, వెలుగు దానిపై బడదు, కనుక నష్టములేదు. అన్నియు సరిపడినప్పుడు వలయములలో వలయముగ గనబడు ఆ బింబముల నట్టనడుమ గనబడునది చూచువాని కన్నే.

చివరి పరీక్ష చుక్కపైననే. నడిమి ప్రకాశముగల యొక చుక్కను చూపునకు సరిగా నడుమకు దెచ్చి, కంటికటకమును కొలదిగ వెలికి లాగినచో, చుక్క విచ్చుకొని వలయములుగా గనబడును. వలయములన్నియు నొకే కేంద్రముగలవైన వరుస కుదిరినది. ఒకవైపునకు ఒరిగిన కుదరలేదు. కదలదు గనుక ధ్రువనక్షత్రము దీనికి శ్రేష్ఠమని గ్రంథములు చెప్పును. ఆ గ్రంథకర్తలు కోనసీమ చూచినవారు గారు. ధ్రువుని యెత్తు ఆ స్థలపు అక్షాంశమునకు సమానము. రాజమహేంద్రవరమున పదునేడు డిగ్రీలు, అమలాపురమున మరికొంత తక్కువ. యాభై మీటర్ల దూరమున పదునైదు మీటర్ల కొబ్బరిచెట్టు ఒక్కటి చాలును ధ్రువుని మరుగుపరచుటకు. కనుక మనము నడినెత్తిననున్న కదలుచుక్కను బట్టుకొని, జరిగినప్పుడెల్ల మరల నడుమకు దెచ్చుకొనుచు పరీక్షింపవలసినవారము. నిశ్చలమైన ప్రమాణము దొరకని చోట ఓపికయే దాని స్థానమున నిలువవలెను.

వరుస తప్పిన దర్పణము చుక్కకు తోక కల్పించును. శనివలయములోని సన్నని నల్లనిగీటును మాపివైచును. విచిత్రమేమనగా, అట్టి దర్పణము చూచుటకు అద్దమువలె నిర్మలముగ నుండును! టార్చిలైటు వేసిన నేదోషమును గనబడదు. మసక కంటికి గనబడును, వంకర గనబడదు. పైగా వంకరగల యంత్రముగుండ చూచువాడు లోకమే వంకరయనుకొనును. చుక్కకు తోకయున్నదనుకొనును. కొందరు తోకచుక్కను గనుగొంటిమని సంబరపడుటయు గలదు.

చుక్క వికారముగా గనబడినప్పుడు నేరము గాలిది గావచ్చును, దర్పణములది గావచ్చును, కంటికటకముది గావచ్చును, చూచువాని కంటిది గావచ్చును. విచారణ యిట్లు జరుగవలెను. గాలివలని వికారము నీటిలోని నీడవలె క్షణక్షణము మారుచుండును. దర్పణపు వంకరవలనిది మారదు. తోక యెప్పుడును ఒకే దిక్కునకు సాగును. కంటికటకమును అక్కడికక్కడ ద్రిప్పిన వికారమును దిరిగెనా, దోషము కటకముది. తలను ప్రక్కకు వంచినప్పుడు దానితోబాటు దిరిగెనా, దోషము మన కంటిదే. ఇన్నిటిని శోధించినగాని చుక్కనుగూర్చి యొక్కమాట పలుకరాదు. మన గ్రామములలో మనుష్యులనుగూర్చి తీర్పుచెప్పువారు ఇందులో నాలుగవవంతైన శోధింతురా?

నరసాపురము ప్రాంతపు లేసు అల్లు స్త్రీల నడిగినచో ఈ భేదమును మాకంటె చక్కగా జెప్పగలరు. చేతి చెమటకు దారము మాసిన లేసును ఉతికిన తెల్లబడును. మొదటివరుసలో కుట్టు తప్పిన లేసును ఎన్నిమార్లుతికినను పువ్వు పువ్వు కాదు. విప్పి మరల నల్లవలసినదే. బేరగాడు మాత్రము ముందు తెలుపునే చూచును. ఇండ్లలోను అట్లే జరుగుచున్నది. కోడలి చీరకంటిన మసి అత్తగారికి గనబడును, ఆ కోడలికి మాటాడు చోటు లేకుండుట గనబడదు. మడికట్టుకొని చేసిన వంటలో వడ్డించు క్రమము వంకరయని తోచదు. ఉడుపులలో మరకలేని యుద్యోగిని లోకము పెద్దమనిషి యనును, అతని సంతకములు ఏవైపు నొరుగునో లెక్కగట్టదు.

తన వంకర తనకెట్లు తెలియునని అడుగవచ్చును. ఇదియే అసలు చిక్కు. తెలియని వస్తువును జూచి దర్పణమును వరుసకు దేలేము. రూపము ముందే తెలిసిన వస్తువు కావలెను. చుక్క బిందువని మనకు దెలియును గనుకనే దాని తోక మన దర్పణపుతోక యని గ్రహింపగలిగితిమి. తీర్పులయందును అట్టి పరీక్ష యొకటి గలదు. ఆస్తిపంపకమునందు పెద్దలు కుమార్తెకు భాగమేలయని వాదించుచున్నారనుకొందము. వారి వాదమును మాట మార్చక, పేరులు మాత్రము మార్చి, కుమారుని స్థానమున కుమార్తెను, కుమార్తె స్థానమున కుమారునుంచి మరల వినుడు. తీర్పు తలక్రిందైనచో తోక యేవైపునకు సాగినదో తెలిసినది. ఆంధ్రప్రదేశమున 1986 నాటి సవరణచట్టమును, దేశమంతటికి 2005 నాటి సవరణయును పిత్రార్జితమున కుమార్తెకు సమానహక్కు నిచ్చినవి. చట్టము మర ద్రిప్పినది. అయినను నేడును ఎన్నో యిండ్లలో పసుపుకుంకుమల పేర కొంత ముట్టజెప్పి, హక్కు వదలుకొన్నట్లు కాగితముపై సంతకము పెట్టించుకొనుచున్నారు. ఆ కాగితము మిగుల శుభ్రముగా నుండును.

వంకరయే దోషము, మురికి దోషము గాదని మా యభిప్రాయమని యెవరును తలపకుందురు గాక. మేము ఋజువర్తనులము, మాకు స్నానమెందులకను వారును లేకపోలేదు. ధూళిలో రెండు తెగలు గలవు. ఒకటి ఊరక పడియుండునది, రెండవది తినివేయునది. అంతర్వేది, ఉప్పాడ తీరముల ఉప్పుగాలి, వ్రేలిముద్రల జిడ్డు, పిట్టరెట్ట, వానకాలపు బూజు, ఇవి పూతను కొరుకును. వీనిని చూచినప్పుడు ఉపేక్షింపరాదు. ఊరక పడియుండు ధూళిని రబ్బరుబుడ్డితో ఊది విడువవచ్చును. తినుదానిని కడుగవలెను. ఈ తారతమ్యమును గుర్తించుటకు నియమముల పట్టిక చాలదు, వంగి చూడవలెను.

కడుగుట యెట్లన: చేతి గాజులు, ఉంగరములు తీసివేయవలెను. దర్పణమును గూటినుండి విడదీసి, తొట్టిలో మెత్తని గుడ్డపై నుంచి, గోరువెచ్చని నీటిలో పాత్రలు తోము ద్రవసబ్బు రెండుబొట్లు వేసి నాననీయవలెను. నానుటయే సగము పని. పిమ్మట శుభ్రమైన దూదిని దాని బరువుమీదనే, ఒత్తిడి లేక, ఒకేదిశగ లాగి పారవేసి, క్రొత్తదూది తీసికొనవలెను. కడపట బ్యాటరీలకు వాడు డిస్టిల్డు వాటరుతో తొలిచి, ఏటవాలుగా నిలిపి ఆరనీయవలెను. మన బావినీటిలోని లవణము ఆరినచోట తెల్లని మచ్చలు నిలుపును. ఏడాదికొకమారు కంటె నెక్కువ వలదు, రెండుమూడేండ్లకొకమారైనను చాలును. కావలూరువంటి చోట్ల దర్పణమునే దింపి, శూన్యపాత్రలో పాతపూతకు మారుగా క్రొత్తపూత వేయుదురు.

మార్గశిర పుష్యమాసములలో గోదావరిపై మంచు దిగు రాత్రులందు చిన్నయద్దమును, కంటికటకమును చెమ్మగిల్లును. అప్పుడు చేయి తుడుపునకు సాగును; సాగనీయకుడు. లోనికి దెచ్చి, మూతలు తీసియుంచి, తేమ తనంత తానారిన పిదప మూతలు పెట్టవలెను. తడిమీద మూతపెట్టి బీరువాలో భద్రపరచిన దుర్భిణికే బూజు ముందు పట్టును. వానకాలమున నెలకు రెండుమూడు మారులు పొడిదినము చూచి గాలి సోకనీయవలెను.

మరియొక సంగతి. దర్పణమును దీసి కడిగి మరల గూటిలో నుంచినప్పుడు మునుపటి వరుస నిలువదు. ఎంత నేర్పరి కడిగినను అంతే. కావున కడిగిననాటి రాత్రి ఆకాశమెంత నిర్మలముగ నున్నను, ఇంటిల్లిపాదియు చంద్రుని జూడ తొందరపెట్టుచున్నను, మొదటి గంట మూడు మరచీలలకే విడిచిపెట్టవలసియుండును.